ఉద్యోగం – ఉత్తరం: ‘చేశాను’ అని రాయడానికి ఎందుకంత జంకు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కెరీర్ కోచింగ్ గురించే. కోచ్ అంటే ఎవరు, డబ్బు దండగ కాదా, ఇది ఆడవాళ్లకే ఎందుకు చెబుతున్నారు అని రకరకాలుగా అడిగారు. ఈ శీర్షికను కొత్తగా చదివేవారి కోసం ఒక మాట: నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో 27 ఏళ్లు హెచ్ఆర్‌లో పనిచేశాను. ఏడేళ్లుగా కోచింగ్ చేస్తున్నాను, అంటే ఉద్యోగంలో ఎదగాలనుకునేవాళ్లను ప్రశ్నలడిగి, దారి వాళ్లతోనే ఆలోచింపజేయడం. కాబట్టి ప్రమోషన్లు నిర్ణయించే గదిలోనూ కూర్చున్నాను, ఆ గదిలోంచి పేరు వెనక్కి వచ్చిన వాళ్ల పక్కనా కూర్చున్నాను.

ప్రశ్న: నేను ఒక ఐటీ కంపెనీలో 14 ఏళ్లుగా ఉన్నాను. సీనియర్ మేనేజర్‌ని, నా కింద 32 మంది పనిచేస్తున్నారు. డైరెక్టర్ స్థాయికి నా పేరు రెండేళ్లు వరసగా వెళ్లింది, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. కారణం అడిగితే ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ ఇంకా పెరగాలి’ అన్నారు, అంటే పెద్ద హోదాకి తగ్గ ధీమా మాటలో, తీరులో కనిపించాలట. ఇప్పుడు కంపెనీ ఖర్చుతో ఆరు కోచింగ్ సెషన్లు ఇస్తామంటున్నారు. నాలో ఏదో లోపం ఉందని బాగుచేయడానికి పంపుతున్నట్టు అనిపించి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. వెళ్లాలా, వద్దా?
— కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వెళ్లండి. ఆశ వదిలేసుకున్న మనిషి మీద కంపెనీ డబ్బు ఖర్చు పెట్టడం నా సర్వీసులో నేను చూడలేదు. అయితే మొదటి సెషన్‌కి ముందే మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ బాస్‌ని 20 నిమిషాలు టైమ్ అడగండి. ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ తక్కువ అన్నారు కదా, ఏ మీటింగ్‌లో అలా అనిపించింది? అప్పుడు నేను ఏం చేశాను? ఏం చేసి ఉంటే బాగుండేది?’ అని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. నేను హెచ్ఆర్‌లో ఉన్నప్పుడు ఇలాంటి గాలి మాటలు వందల ఫారాల్లో చదివాను. చాలాసార్లు వాటి వెనక చిన్న సంగతే ఉంటుంది. క్లయింట్ ముందు ఎవరో మాట మధ్యలో అడ్డొస్తే ఈవిడ ఆగిపోయింది, లేదా బడ్జెట్ లెక్క అడిగితే ‘చూసి చెబుతాను’ అంది. అంతే. ఒక్కోసారి ఆ వెనక ఏమీ ఉండదు. ఏమీ లేకపోతే అది కూడా మీకు తెలియాలి, ఎందుకంటే లేని లోపాన్ని ఆరు సెషన్లు పెట్టినా ఏ కోచ్ దిద్దలేదు.

ప్రమోషన్లు ఎలా తేలుతాయో చెబుతాను. మా కంపెనీలో ఏటా మార్చిలో ఒక మధ్యాహ్నం అన్ని విభాగాల పెద్దలూ కూర్చునేవాళ్లు. మూడు గంటల్లో 20 పేర్లు. అంటే మనిషికి తొమ్మిది నిమిషాలు. ఆ పేరున్న మనిషి గదిలో ఉండరు. వాళ్ల తరఫున ఎవరో ఒకరు నోరు విప్పాలి. ‘ఈ అమ్మాయి ఫలానా ఆడిట్‌ని ఇలా గట్టెక్కించింది’ అని రెండు వాక్యాలు చెప్పగలిగితే పేరు నిలబడేది. ‘చాలా సిన్సియర్ సార్, బాగా కష్టపడుతుంది’ అన్నారంటే వచ్చే ఏడాది చూద్దామనేవాళ్లు. ఇంకో మాట కూడా చాలాసార్లు విన్నాను, ఇప్పటికీ తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది: ‘ఆవిడకి చిన్నపిల్లలు కదా, ఆ పోస్టులో ట్రావెల్ ఎక్కువ, పాపం ఇబ్బంది పెట్టడమెందుకు?’ అన్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. జాలితోనే అన్నారు. కానీ ఆవిడని ఒక్కమాట అడిగినవాళ్లు లేరు.

అది నాకూ జరిగింది. 2003లో మా విభాగంలో డిప్యూటీ జనరల్ మేనేజర్ కుర్చీ ఖాళీ అయింది. పది నెలలుగా ఆ పని నేనే చూస్తున్నాను, కనుక ఎలాగూ నాకే ఇస్తారనుకుని అప్లికేషన్ పెట్టలేదు. నాకన్నా రెండేళ్లు జూనియర్ అయిన సహోద్యోగి వెళ్లి అడిగాడు, ఆయనకిచ్చారు. వారం రోజులు మనసులో కుమిలిపోయి చివరికి మా బాస్‌ని అడిగాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. ‘మీకు కావాలని ఎప్పుడూ చెప్పలేదు కదమ్మా. మీ అత్తగారికి ఒంట్లో బాగోలేదని విన్నాను. ఇంకా బరువు పెట్టడమెందుకని ఊరుకున్నాను’ అన్నారు. ఆ పోస్టు మళ్లీ ఖాళీ అవడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇక ఆ ఆరు సెషన్లలో ఏం చేస్తారని కదా మీ టెన్షన్. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంగతి, ఆమె అనుమతితో, గుర్తు పట్టే వివరాలు మార్చి చెబుతాను. మీలాగే సీనియర్ మేనేజర్. శనివారం ఉదయం మా ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని, ఆమె తన సెల్ఫ్ అప్రైజల్, అంటే ఏడాదిలో చేసిన పని గురించి తానే రాసి కంపెనీకిచ్చే కాగితం, ప్రింట్ తీసి నా ముందు పెట్టింది. ఇంగ్లీషులో 22 వాక్యాలు. ‘ఇదంతా తెలుగులో నాకు చదివి చెప్పండి’ అన్నాను. చదువుతూ పోయింది. ప్రాజెక్టు పూర్తయింది. సమస్య పరిష్కారమైంది. క్లయింట్ సంతోషించారు. టీమ్ బాగా కృషి చేసింది. ఎర్ర పెన్ను ఆమె చేతికే ఇచ్చి, ‘చేశాను’ అని తేలే వాక్యాల కింద గీత గీయమన్నాను. మూడు వచ్చాయి. వాటిలో రెండు ట్రైనింగ్‌కి హాజరయ్యానని.

మన భాషలో ఈ వెసులుబాటు ఉంది చూడండి, పని చేసిన మనిషి కనపడకుండానే పని మొత్తం అయిపోతుంది. ‘వంట అయింది’, ‘పిల్లలు స్కూలుకి వెళ్లిపోయారు’, ‘ఫీజు కట్టడం అయిపోయింది’. ఇంట్లో పొద్దున్న ఐదింటి నుంచీ ఇలాగే మాట్లాడే మనిషి పదింటికి ఆఫీసుకి వెళ్లి ఇంకోలా ఎలా రాస్తుంది? ఆమె రాసిన ఇంగ్లీషు నిండా ఈ ‘అయింది’లే.

ఒకే ఒక్క వాక్యం తీసుకుని గంటంతా దాని మీదే కూర్చున్నాం. ‘బిల్లింగ్ సమస్య పరిష్కారమైంది’ అనేది మొదటి రూపం. నేను అడుగుతూ పోయాను. సమస్య అంటే ఏంటి? ఎవరు కనిపెట్టారు? ఎంతమంది, ఎన్నాళ్లు? ఆ తర్వాత ఏం మారింది? చివరికి ఆమె చేత్తో రాసింది ఇది: ‘జనవరిలో క్లయింట్ బిల్లింగ్ రోజుకు 40 సార్లు ఆగిపోయేది. కారణం నేను కనుక్కున్నాను. నలుగురిని తీసుకుని మూడు వారాల్లో కొత్త పద్ధతి పెట్టించాను. మార్చి నుంచి వారానికి ఒకటి రెండుసార్లే ఆగుతోంది.’ రాసి, కాగితం కాస్త దూరం జరిపింది. ‘గొప్పలు చెప్పుకున్నట్టుంది మేడం’ అంది. ‘ఇందులో అబద్ధం ఎక్కడుంది?’ అన్నాను. మళ్లీ చదివింది. ‘ఎక్కడా లేదు’ అంది. ‘మరి టీమ్ పేరు తీసేశామా?’ ‘లేదు, నలుగురని ఉంది.’ ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. ఆ నాలుగు వాక్యాలే ఆమె బాస్ ఆ ఏడాది కాలిబ్రేషన్ మీటింగ్‌లో, అంటే పైన చెప్పినట్టు ప్రమోషన్లు తేల్చే మీటింగ్‌లో, చదివారు.

మీ ఆరు సెషన్లలో మొదటిది గానీ రెండోది గానీ మీరు, మీ బాస్, కోచ్ ముగ్గురూ కూర్చునేలా అడగండి. ఆరు నెలల తర్వాత ఏం కనిపిస్తే ‘మార్పు వచ్చింది’ అంటారో బాస్ నోటితోనే చెప్పించాలి. మిగతా సెషన్లలో మీరు మాట్లాడేది కోచ్ కంపెనీకి చెప్పకూడదు, ఇది మొదటి రోజే తేల్చుకోండి. ఇంకొకటి, కోచ్ మీ తరఫున ఆ గదిలోకి వెళ్లరు. మెంటర్ సలహా ఇస్తారు, కోచ్ మీతో ఆలోచింపజేస్తారు, కానీ మీ పేరు ఎత్తి పట్టుబట్టేది స్పాన్సర్. మీ బాస్ కాకుండా, మీ పని స్వయంగా చూసిన పెద్దవాళ్లు ఇంకొకరు ఎవరున్నారు? ఎవరూ లేకపోతే రెండు సెషన్లు ఆ ఒక్క విషయం మీద వాడుకున్నా నష్టం లేదు.

తప్పంతా ఆడవాళ్ల మాటతీరులోనే ఉందని నేను అనడం లేదు, అలా అనే కోచ్ దొరికితే మార్చేయండి. కన్సల్టింగ్ కంపెనీ మెకిన్సీ, ఉద్యోగాల్లో మహిళల కోసం పనిచేసే లీన్ ఇన్ సంస్థ కలిసి అమెరికా కంపెనీల మీద 2015 నుంచి ఏటా చేస్తున్న అధ్యయనం ఉంది. 2024 నివేదికలో, మొదటిసారి మేనేజర్ అయిన మగవాళ్లు 100 మందికి ఆడవాళ్లు 81 మందే. అంటే నిచ్చెన మొదటి మెట్టు దగ్గరే విరిగి ఉంది. మన దగ్గర పై అంతస్తుకి చట్టం ఉంది: లిస్టెడ్ కంపెనీల (షేర్ మార్కెట్‌లో నమోదైనవి) బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది. పెద్ద లిస్టెడ్ కంపెనీల్లో మొదటి వెయ్యింటిలో ఒక స్వతంత్ర (యజమానులతో సంబంధం లేని) మహిళా డైరెక్టర్ ఉండాలన్న, షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మీరున్న మెట్టుకీ ఆ బోర్డు గదికీ మధ్య మాత్రం అలాంటి నిబంధన ఏదీ లేదు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ మధ్య మెట్ల మీద ఆగినవాళ్లే. ఆరు సెషన్లూ అయి, చెప్పినవన్నీ చేసి, మూడోసారి కూడా అదే మాట చెబితే, అప్పుడు మీ రెజ్యూమె బయటికి తీయండి. మీరు అలా రాసుకున్న వాక్యాలు అక్కడా పనికొస్తాయి.

ప్రశ్న: నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్-2 (మేనేజర్ హోదా) అధికారిని. వయసు 43. ప్రమోషన్ వస్తే ట్రాన్స్‌ఫర్ తప్పదని రెండుసార్లు వద్దని రాసిచ్చేశాను. అబ్బాయి ఎనిమిదో తరగతి, మా అత్తయ్య నాతోనే ఉంటారు. నాతో చేరినవాళ్లు నాకన్నా రెండు మెట్లు పైన చీఫ్ మేనేజర్లయ్యారు. ఈ మధ్య వాళ్ల ముందు నిలబడాలంటే చిన్నతనంగా ఉంటోంది. నాలాంటి వాళ్లకి కోచింగ్ ఏం చేస్తుంది?
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక లెక్క వేద్దాం. మీకు 43. రిటైర్మెంట్ 60కి. ఇంకా 17 ఏళ్ల సర్వీసు. అబ్బాయి ఇంటర్ అయ్యేసరికి సుమారు ఐదేళ్లు. మిగతా 12 ఏళ్ల గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ‘పిల్లాడి చదువయ్యేదాకా’ అనుకుని మనం ఆపిన పని, ఆ చదువు అయిన తర్వాత కూడా ఆగిపోయి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను.

మీరు రెండుసార్లు వద్దన్నారు. ఏ ఊరు వస్తుందో తెలిశాక వద్దన్నారా, తెలియకముందే అన్నారా? నా దగ్గరికొచ్చిన బ్యాంకు అధికారిణులను ఈ ప్రశ్న అడిగితే చాలామంది కాసేపు మాట్లాడరు. ఊరు తెలియకముందే, ఇంట్లో అడగకముందే, మనసులోనే ట్రాన్స్‌ఫర్ ఊహించుకుని కాగితం ఇచ్చేసి ఉంటారు. మీవారిని ఎప్పుడైనా సూటిగా అడిగారా, ‘నేను రెండేళ్లు రాజమండ్రిలో ఉంటే ఇల్లు మీరు చూస్తారా?’ అని? కోచింగ్‌లో మేం చేసేది చాలావరకు ఇదే. ఆ మాట ఎలా మొదలుపెట్టాలో, ఆయన ‘మరి అమ్మ సంగతి?’ అంటే ఏం చెప్పాలో ముందు నా ఎదుట అనిపిస్తాను. మొదటిసారి గొంతు వణుకుతుంది, ఏడుపొస్తుంది. మూడోసారికి మామూలు మాటలా వస్తుంది. అప్పుడు ఇంటికెళ్లి అడుగుతారు.

మీ బ్యాంకు ప్రమోషన్ పాలసీ, ట్రాన్స్‌ఫర్ పాలసీ రెండూ ప్రింట్ తీసుకుని చదవండి. ప్రమోషన్ కాదంటే తర్వాత ఎన్నేళ్లు అవకాశం ఉండదో అందులోనే ఉంటుంది. కేంద్ర ఆర్థిక సేవల విభాగం 2024 నవంబరులో ప్రభుత్వ రంగ బ్యాంకులన్నిటికీ ట్రాన్స్‌ఫర్ పాలసీలు సమీక్షించుకోమని చెప్పింది. మహిళా ఉద్యోగులను వీలైనంతవరకు దగ్గరి ప్రాంతాల్లో వేయాలని, ఎవరికి ఎక్కడ కావాలో ఆన్‌లైన్‌లో అడగాలని అందులో ఉంది. అది హక్కు కాదు, కానీ రాతపూర్వకంగా అడగడానికి ఆధారం. జోనల్ ఆఫీసులో, ట్రైనింగ్ సెంటర్‌లో, అప్పుల దరఖాస్తులు చూసే క్రెడిట్ ప్రాసెసింగ్‌లో మీ పై మెట్టైన స్కేల్-3 పోస్టులు మీ ఊళ్లోనే ఏమున్నాయో కూడా కనుక్కోండి. బ్రాంచి మేనేజర్ పోస్టు ఒక్కటే ప్రమోషన్ కాదు.

అరుంధతీ భట్టాచార్య 1977లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి 2013లో ఆ బ్యాంకుకి తొలి మహిళా చైర్‌పర్సన్ అయ్యారు. పిల్లల కోసం గానీ పెద్దవాళ్ల సేవ కోసం గానీ మహిళా ఉద్యోగులు రెండేళ్ల దాకా సెలవు తీసుకుని మళ్లీ ఉద్యోగంలోకి రావచ్చన్న పద్ధతి ఆమె హయాంలోనే స్టేట్ బ్యాంకులో పేరు పొందింది. మీ బ్యాంకులో అలాంటిది ఉందేమో చూడండి. అత్తయ్యగారి ఆరోగ్యం మరీ బాగోలేని ఏడాది వస్తే ఆ సెలవు మిమ్మల్ని నిలబెడుతుంది. ప్రమోషన్ వదులుకోవడం కన్నా అది మేలు.

ఒకవేళ ఇవన్నీ చూశాక కూడా మీకు స్కేల్-2 లోనే ఉండాలనిపిస్తే ఉండండి. అది మీరు ఎంచుకున్నదవుతుంది, తోటివాళ్ల ముందు చిన్నతనం అక్కర్లేదు.

ప్రశ్న: మా ఆవిడ ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం మేనేజర్. కోచ్‌ని పెట్టుకుంటానంటోంది. ఇంటర్నెట్‌లో ఒకాయన ‘90 రోజుల్లో ప్రమోషన్ గ్యారంటీ’ అని భారీ ఫీజు చెప్పారు. అంత డబ్బు పెట్టడం అవసరమా? మేమిద్దరం మాట్లాడుకుంటే చాలదా?
— విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: గ్యారంటీ అన్న మాట వినగానే దండం పెట్టి వచ్చేయండి. ప్రమోషన్ ఇచ్చేది ఆవిడ కంపెనీ, కోచ్ కాదు. తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నాడంటే మిగతా మాటలూ అంతే.

కోచ్‌ని ఎంచుకోవడం కష్టమేం కాదు. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అందుకే జాగ్రత్త. 1995లో మొదలైన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే సంస్థ ఇచ్చే సర్టిఫికెట్లు కొంత ఆధారం. వాళ్ల సర్టిఫికెట్లు మూడు స్థాయిలు: మొదటిది ఏసీసీ, తర్వాత పీసీసీ, పైది ఎంసీసీ. ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీకి 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. సర్టిఫికెట్ ఉన్న ప్రతివాళ్లూ మంచి కోచ్ అని కాదు, కానీ లెక్క అడగడానికి ఒక గీటురాయి ఉంటుంది. ముగ్గురితో మాట్లాడమనండి. మొదటి పరిచయ సంభాషణకు చాలామంది ఫీజు తీసుకోరు. ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించమనండి. కోచే 25 నిమిషాలు మాట్లాడితే ఆయన ఉపన్యాసకుడు. ఫ్యాక్టరీలో పనిచేసే మహిళలతో ఇదివరకు పనిచేశారా అని అడగాలి. షిఫ్టులు, ఆడిట్లు, యంత్రాలు నడిచే షాప్‌ఫ్లోర్ మీద మగవాళ్లే ఉండే చోట మాట నెగ్గించుకోవడం, ఇవి ఎయిర్‌కండిషన్ ఆఫీసుల సంగతుల్లా ఉండవు. ఫీజు కట్టేముందు ఆవిడ కంపెనీలో శిక్షణ బడ్జెట్ ఉందేమో హెచ్ఆర్‌ని అడగమనండి. అడిగితే ఇచ్చిన సందర్భాలు నాకు తెలుసు.

‘మేమిద్దరం మాట్లాడుకుంటే చాలదా’ అన్నారు. మాట్లాడుకోండి, అది ఏ కోచూ ఇవ్వలేనిది. కానీ మీకు ఆ ఇంటితో, ఆ జీతంతో, ఆ ట్రాన్స్‌ఫర్‌తో సంబంధం ఉంది. ఆవిడ ఏ నిర్ణయం తీసుకున్నా మీ జీవితం మారుతుంది. అందుకని మీరు ఎంత మంచివారైనా మీ సలహాలో మీరు కూడా ఉంటారు. సంబంధం లేని మనిషి ఒకరు ఎదురుగా కూర్చుంటే, ఆవిడ తనకి ఏం కావాలో మొదటిసారి పూర్తిగా చెప్పగలుగుతుంది.

మీరు ఈ ఉత్తరం రాసినందుకు సంతోషం కలిగింది, అందుకే ఒకటి అడుగుతాను. ఫ్యాక్టరీలో ఆడిట్ ఉన్న వారం ఆవిడ రాత్రి తొమ్మిదింటికి వస్తుంది కదా. ఆ వారం వంట ఎవరిది, పిల్లల హోంవర్క్ ఎవరిది, పాలవాడి లెక్క ఎవరిది అని ఒక కాగితం మీద ఇద్దరూ కలిసి రాయండి. ఆవిడ పేరు పక్కన ఎన్ని ఉన్నాయో చూశాక, వాటిలో మూడు మీ పేరు పక్కకి మార్చుకోండి. పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మా మేనేజర్ నాతో అసభ్యంగా మాట్లాడుతున్నాడని హెచ్ఆర్‌కి నోటిమాటగా చెప్పాను. వాళ్లు ‘కష్టమైన మనుషులతో ఎలా నెగ్గుకురావాలో నేర్చుకోండి’ అని కోచింగ్ ఏర్పాటు చేశారు. ఏం చేయను?
— పేరు, ఊరు రాయవద్దన్నారు

జవాబు: అమ్మా, ఇది కోచింగ్‌తో తేలే విషయం కాదు. నేర్చుకోవాల్సింది మీరు కాదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో చట్టం వచ్చింది. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. తేదీలు, అతను అన్న మాటలు, అప్పుడు దగ్గరున్నవాళ్లు, మెసేజీలు ఉంటే స్క్రీన్‌షాట్లు, ఇవన్నీ ఈ రాత్రే ఒకచోట పెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు. హెచ్ఆర్ ఏర్పాటు చేసిన ఆ కోచ్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే, మొదటి వాక్యంగా ఈ సంగతే చెప్పండి. వృత్తిని గౌరవించే కోచ్ ఎవరైనా అక్కడే ఆపి మిమ్మల్ని కమిటీ దగ్గరికి వెళ్లమంటారు. ఇంట్లో ఒక్కరికైనా ఇది చెప్పండి. ఒంటరిగా మోయకండి.

ప్రశ్న: మీరు మా అమ్మ వయసువారు, ‘నువ్వు’ అనే రాయండి. నాకు 25. పదో తరగతి దాకా పల్లెలో తెలుగు మీడియం. ఇంజనీరింగ్ చేసి హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో ఉన్నాను. పని వచ్చు. కానీ మీటింగ్‌లో ఇంగ్లీషులో నోరు పెగలదు. చెప్పాలనుకున్నది మనసులో సర్దుకునేలోపు ఎవరో చెప్పేస్తారు. లీడర్లు కావడం గురించి మీరు రాసేవన్నీ నాకు చాలా దూరంగా అనిపిస్తాయి. నాలాంటివాళ్లకి కూడా కోచింగ్ ఉంటుందా?
— వరంగల్ జిల్లా నుంచి ఒక అమ్మాయి

జవాబు: తల్లీ, నేనూ పది దాకా తెనాలి దగ్గర తెలుగు మీడియమే. 1991లో పర్సొనెల్ డిపార్ట్‌మెంట్‌లో (హెచ్ఆర్‌ని అప్పట్లో అలా అనేవాళ్లు) ట్రైనీగా చేరినప్పుడు ఫోను మోగితే ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తుందన్న భయంతో బాత్రూమ్‌కి వెళ్లిపోయేదాన్ని. కాబట్టి నువ్వు రాసిన ప్రతి అక్షరం నాకు తెలుసు.

నీకు ఇప్పుడు డబ్బు పెట్టి కోచ్ అక్కర్లేదు. నేను అయితే నీకు ఏం చెబుతానో ఇక్కడే చెబుతాను. రేపటి మీటింగ్‌కి అజెండా ముందే వస్తుంది కదా. అందులో నీ పనికి సంబంధించిన ఒక్క పాయింట్ చూసుకుని, ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం కాగితం మీద రాసుకో. చిన్నది. అందులో ఒక అంకె ఉండాలి. ‘నా టెస్టింగ్‌లో 18 కేసులు నడిపాను, రెండు ఫెయిలయ్యాయి, గురువారానికి సరిచేస్తాను’ లాంటిది. రాత్రి గట్టిగా ఐదుసార్లు చదువు. మీటింగ్ మొదలైన పది నిమిషాల లోపే ఆ వాక్యం చెప్పేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ గుండె దడ పెరుగుతుంది, ఆ దడకి మాట రాదు. కాగితం చూసి చదివినా ఫరవాలేదు. మీ సీనియర్లు కూడా స్లైడ్లు చూసే చదువుతారు.

ఎవరైనా నీ మాట అందుకుని చెప్పేస్తే, ‘అవునండీ, ఆ రెండు కేసులు నేనే చూశాను, ఇంకొక విషయం ఉంది’ అని కలుపు. ఈ ముక్క ఇంగ్లీషులో కూడా ముందే రాసి పెట్టుకో. వ్యాకరణం తప్పు పోతుందని భయపడకు. చెప్పిన అంకె తప్పు పోకుండా చూసుకో, వాళ్లు గుర్తుపెట్టుకునేది దాన్నే.

నీ టీమ్‌లో నీకన్నా నాలుగైదేళ్లు పెద్దదైన అక్క ఎవరైనా ఉంటే, ‘నేను మీటింగ్‌లో ఒక మాట చెప్పాలనుకుంటున్నాను, మర్చిపోతే నా వైపు చూడండి’ అని అడుగు. కాదనేవాళ్లు ఉండరు. శుక్రవారం సాయంత్రం ఒక నోట్‌బుక్‌లో ఆ వారం నువ్వు చేసినవి మూడు వాక్యాలు తెలుగులోనే రాయి, ప్రతి వాక్యం ‘చేశాను’, ‘కనిపెట్టాను’, ‘చెప్పాను’ అని ముగియాలి. మొదటి ఉత్తరం రాసిన ఆవిడ 14 ఏళ్ల ఉద్యోగం తర్వాత నేర్చుకుంటున్నది నువ్వు మొదటి ఏడాదిలోనే మొదలుపెడుతున్నావు.

నాలుగు వారాలైన తర్వాత ఆ 12 వాక్యాలు నాకు రాసి పంపు. చదివి జవాబిస్తాను.